థాయ్‌లాండ్ సెలవులు: ముందు నెల తేల్చుకోండి, తరువాతే దీవి

థాయ్‌లాండ్ వెళ్దామని ఇంట్లో మాట వచ్చిందంటే మొదటి చర్చ ఫుకెట్టా, క్రాబియా, సముయా అన్నదాని మీదే నడుస్తుంది. ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఏ నెలలో వెళ్తున్నారు? ఫిబ్రవరిలో పిల్లలు నడుము లోతు నీళ్లలో గంటల తరబడి ఆడుకునే ఫుకెట్ తీరంలోనే సెప్టెంబరులో ఎర్ర జెండాలు ఎగురుతుంటాయి. ఆ జెండా ఉన్నచోట నీళ్లలో దిగితే ప్రాణాలకే ముప్పు. దీవి అదే, హోటల్ అదే, మారింది నెల మాత్రమే.

‘నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం’ అని అందరూ చెబుతారు. అది నిజమే కానీ, మనలో సగం మందికి అక్కరకు రాని సలహా. మనకు సెలవులు దొరికేది బడి ఇచ్చినప్పుడే: ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా వేసవి, ఆ తరువాత దసరా, సంక్రాంతి. ఉద్యోగస్తులకు వీటితో పాటు డిసెంబరు చివరి వారం. అంటే కాలం ముందే ఖాయమైపోయింది, ఆ కాలానికి తగిన చోటు వెతుక్కోవడమే మిగిలింది. థాయ్‌లాండ్‌కు రెండు వైపులా సముద్రం, పైన కొండలు ఉండటం మన అదృష్టం. ఒక మూల వాన కురుస్తుంటే మరో మూల ఎండ కాస్తూ ఉంటుంది. ఏ మూల ఎప్పుడు బాగుంటుందో, ఎవరికి నప్పుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

## చోటు ఎంచుకునే ముందు

అన్నిటికంటే ముందు వాన సంగతి. పడమటి వైపున్నది అండమాన్ సముద్రం, అంటే మన అండమాన్ దీవులకు ఆవలి ఒడ్డు. ఫుకెట్, క్రాబి, ఫీ ఫీ, లాంటా, సిమిలన్ దీవులు ఈ వైపువి. మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే మే నుంచి అక్టోబరు దాకా ఈ తీరాన్నీ ముంచెత్తుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఉధృతి ఎక్కువ. తూర్పు వైపున్నది థాయ్‌లాండ్ సింధుశాఖ. సముయ్, ఫంగన్, టావ్ దీవులు అటు ఉన్నాయి. నైరుతి మేఘాలు అక్కడికి చేరేసరికి చాలా వరకు బలహీనపడతాయి. అటువైపు అసలైన వానలు అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. నెల్లూరు వాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. నెల్లూరు తడిసే నవంబరులోనే సముయ్ కూడా తడుస్తుంది.

తరువాత రాత్రుల సంఖ్య. ఒక ఊరు నుంచి ఇంకో ఊరు మారిన ప్రతిసారీ కనీసం సగం రోజు పోతుంది. గది ఖాళీ చేయడం, విమానాశ్రయానికి వెళ్లడం, ఎదురు చూడటం, మళ్లీ కొత్త హోటల్‌లో గది ఇచ్చేదాకా సామానుతో కూర్చోవడం. విమానం గాలిలో ఉండేది గంటంబావే, గడప నుంచి గడపకు మాత్రం ఆరేడు గంటలు. నా లెక్క ప్రకారం ఐదు రాత్రులకు ఒక ఊరు, ఏడెనిమిది రాత్రులకు రెండు, పది దాటితేనే మూడు. ఆరు రాత్రుల్లో బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్, క్రాబి అన్నీ చూపిస్తామనే ప్యాకేజీలో మీరు ఎక్కువగా చూసేది బస్సు కిటికీలే.

మూడోది, వెంట ఎవరు వస్తున్నారన్నది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు, నాలుగేళ్ల పిల్లకు, కొత్త దంపతులకు ఒకే తీరం నప్పదు. ఇక తిండి, డబ్బు. శాకాహారులకు తిండి విషయం చాలా పెద్దది కాబట్టి దాన్ని విడిగా రాశాను.

## ఏ సెలవుకు ఏ చోటు

| సెలవు | ఫుకెట్, క్రాబి | సముయ్ వైపు | చియాంగ్ మై | బ్యాంకాక్, చుట్టుపక్కల |
|---|---|---|---|---|
| సంక్రాంతి | చాలా బాగుంటుంది, ధరలు ఎక్కువ | బాగుంటుంది, నెల మొదట్లో అలలు ఉండవచ్చు | రాత్రుళ్లు చలి, పగలు హాయి | హాయిగా తిరగవచ్చు |
| ఫిబ్రవరి, మార్చి | అన్నిటికంటే మంచి కాలం | అన్నిటికంటే మంచి కాలం | పొగ మొదలవుతుంది, వద్దు | ఎండ ముదురుతుంది |
| వేసవి సెలవులు | మే మధ్య దాటితే అలలు పెద్దవి | మొదటి ఎంపిక ఇదే | మే మొదట్లో ఉక్క, తరువాత వానలు | తీవ్రమైన ఎండ |
| జూలై, ఆగస్టు | వాన, ఎర్ర జెండాలు | బాగానే ఉంటుంది | పచ్చదనం, జల్లులు | సాయంత్రపు వానలు |
| దసరా | సముద్రం కోసం అయితే వద్దు | అక్టోబరు మొదటి వారం దాకా ఫరవాలేదు | అక్టోబరు రెండో సగం నుంచి మంచిది | భారీ వానలు |
| కార్తీకం | నెల మధ్య నుంచి మంచిది | వద్దు | చాలా బాగుంటుంది | బాగుంటుంది |
| డిసెంబరు చివర | బాగుంటుంది, ఏడాదిలో అత్యధిక ధరలు | వాన తగ్గుముఖం, హామీ లేదు | బాగుంటుంది | బాగుంటుంది |

ఇది ఏటా ఎక్కువగా కనిపించే తీరు మాత్రమే. వాన కాలమన్నంత మాత్రాన రోజంతా కురవదు. చాలా రోజుల్లో మధ్యాహ్నం ఒక గంట దంచి కొట్టి ఆగిపోతుంది. నగరంలో, కొండల్లో దాన్ని ఓర్చుకోవచ్చు. సముద్రం సంగతి వేరు. వాన ఆగినా అలలు ఆగవు, పడవలు కదలవు. పట్టికలో ‘వద్దు’ అని గట్టిగా రాసినవి చాలా వరకు అందుకే.

## అండమాన్ తీరం: ఫుకెట్టా, క్రాబియా?

పుస్తకాల్లో, ఫోన్లలో మనం చూసే థాయ్‌లాండ్ బొమ్మ ఈ తీరానిదే: ఆకుపచ్చ నీళ్ల మధ్య నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు, వాటి కింద పొడవాటి కొయ్య పడవలు. మీ సెలవు జనవరిలోనో ఫిబ్రవరిలోనో పడితే ఇంకేమీ ఆలోచించకుండా ఇటే వెళ్లమంటాను.

ఫుకెట్ థాయ్‌లాండ్‌లోకెల్లా పెద్ద దీవి, వంతెనతో ప్రధాన భూభాగానికి కలిసి ఉంది. దీవి అనగానే చిన్నదనుకుని హోటల్ ఎక్కడైనా ఫరవాలేదనుకుంటారు. అది పొరపాటు. విమానాశ్రయం ఉత్తరపు కొసన ఉంది, పటాంగ్ తీరానికి అక్కడి నుంచి గంట ప్రయాణం. టాక్సీకి ఎనిమిది వందల నుంచి వెయ్యి బాత్ దాకా అడుగుతారు. పడమటి తీరం వెంట నడిచే బస్సు దానితో పోలిస్తే చాలా చవక. పటాంగ్ రాత్రంతా మేలుకుని ఉంటుంది. బార్లు, సంగీతం, జనం. స్నేహితుల బృందానికి సరే, పిల్లలతో అయితే కటా, కరోన్ తీరాలు మేలు. విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న నాయ్ యాంగ్ ఇంకా నెమ్మది.

ఫుకెట్ పాత పట్టణాన్ని చాలామంది వదిలేస్తారు, అది నాకు బాధ కలిగిస్తుంది. తగరం గనుల కాలంలో స్థిరపడిన చైనా వర్తకులు కట్టుకున్న రంగురంగుల ఇళ్లు, వాటి ముందు నడవాలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఆదివారం సాయంత్రం అక్కడ తలాంగ్ వీధిలో వాహనాలు ఆపి సంత పెడతారు. ఒక సాయంత్రం దానికి కేటాయించండి.

క్రాబిలో బస అంటే ఎక్కువ మందికి ఆవ్ నాంగ్. అక్కడి తీరం ఈతకు గొప్పగా ఉండదు, అది పడవలెక్కే చోటు. దాని గొప్పతనం చుట్టుపక్కల ఉంది. రైలే తీరానికి దారి లేదు, కొండలు అడ్డం కాబట్టి పడవ మీదే వెళ్లాలి. పదిహేను నిమిషాల ప్రయాణం తరువాత కనిపించే ఆ కొండ గోడలు, వాటి కింది ఫ్రా నాంగ్ గుహ తీరం ఈ దేశంలో నేను అందరికీ చూపించాలనుకునే దృశ్యాల్లో మొదటిది. ఒక ఇబ్బంది ఉంది. చాలా చోట్ల పడవ ఎక్కడానికి మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి, చిన్న నిచ్చెన పట్టుకోవాలి. పెద్దవాళ్లను తీసుకెళ్తే ఇది ముందే చెప్పండి.

రెండింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. హైదరాబాద్ వంటి నగరాల నుంచి నేరుగా విమానం దొరకడం, పెద్ద ఆసుపత్రులు, రకరకాల హోటళ్లు, వాన పడితే గడపడానికి లోపలి చోట్లు ఇవన్నీ ఫుకెట్ వైపు మొగ్గే విషయాలు. ప్రకృతి, ప్రశాంతత, తక్కువ ఖర్చు, దీవులకు తక్కువ దూరం క్రాబి వైపు. ఐదు రాత్రులే ఉంటే, పడవ ఎక్కడానికి జంకని వాళ్లయితే నేను క్రాబి అంటాను. ఏడు రాత్రులుంటే రెండూ కలపవచ్చు. మధ్య దూరం రోడ్డు మీద రెండున్నర, మూడు గంటలే.

ఫీ ఫీ దీవులకు ఎక్కడి నుంచైనా వెళ్లవచ్చు. అక్కడి మాయా తీరాన్ని సందర్శకుల తాకిడికి పగడాలు దెబ్బతిన్నందున 2018 జూన్‌లో మూసి, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మూస్తారు. తెరిచి ఉన్నప్పుడు కూడా ఈత కొట్టనివ్వరు. ఈ నియమం మంచిదే, సొరచేప పిల్లలు మళ్లీ అక్కడ కనిపిస్తున్నాయి. సిమిలన్ దీవుల జాతీయ పార్కు అక్టోబరు 15 నుంచి మే 15 దాకానే తెరిచి ఉంటుంది. స్పీడు బోట్లు అలల మీద గట్టిగా ఎగిరెగిరి పడతాయి కాబట్టి గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఎక్కకూడదు. వాళ్లకు ఫీ ఫీ దాకా పెద్ద ఫెర్రీలున్నాయి, కాస్త ఆలస్యమైనా కుదుపు తక్కువ.

## సముయ్: వేసవి సెలవులకు

తెలుగు కుటుంబాలు తక్కువగా వెళ్లే దీవి ఇది. కానీ మన వేసవి సెలవులకు దీన్ని మించింది ఈ దేశంలో లేదని నా గట్టి అభిప్రాయం. మే నెలలో అండమాన్ వైపు సముద్రం రేగుతున్నప్పుడు ఇక్కడ నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఎండ ఉంటుంది, అయితే మన రెంటచింతల, రామగుండం ఎండలతో పోల్చదగింది కాదు.

చవేంగ్ తీరంలో సందడి, లమాయ్‌లో మధ్యస్థం, మేనామ్‌లో నిశ్శబ్దం. బోఫుట్ దగ్గర పాత జాలరుల పల్లె వీధి సాయంత్రం నడకకు బాగుంటుంది. దీవి చుట్టూ రోడ్డు ఉంది, తీరాలన్నిటికీ కారులో వెళ్లవచ్చు. పడవ ఎక్కకుండానే నాలుగైదు రోజులు హాయిగా గడిచిపోతాయి. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ఇది ఎంత ఊరటో క్రాబిలో నీళ్లలో నడిచి పడవ ఎక్కిన వాళ్లను అడగండి. పడవ ఎక్కాలనుకుంటే ఆంగ్ తోంగ్ సముద్ర పార్కు ఉంది, నలభైకి పైగా చిన్న దీవుల గుంపు.

ఇబ్బంది డబ్బు దగ్గర వస్తుంది. సముయ్ విమానాశ్రయం ఒక విమాన సంస్థ సొంతంగా కట్టుకున్నది. పోటీ తక్కువ కాబట్టి బ్యాంకాక్ నుంచి టికెట్ ధర ఫుకెట్ టికెట్ కంటే బాగా ఎక్కువగా ఉంటుంది. చవక దారి ఇంకోటుంది: సూరత్ థానీకి విమానంలో దిగి, బస్సులో డోన్‌సాక్ రేవుకు వచ్చి, ఫెర్రీ ఎక్కడం. విమానం టికెట్‌తోనే బస్సు, ఫెర్రీ కలిపి అమ్ముతారు. నలుగురి కుటుంబానికి మిగిలే డబ్బు చిన్నదేమీ కాదు, కానీ సగం రోజు అక్కడే పోతుంది. చిన్న పిల్లలుంటే నేరుగా ఎగిరి వెళ్లండి, యువకులయితే ఫెర్రీ మంచిది.

ఒక జాగ్రత్త. సముయ్, ఫంగన్ తీరాల్లో విషపూరితమైన బాక్స్ జెల్లీఫిష్ అరుదుగా కనిపిస్తుంది. చాలా తీరాల్లో హెచ్చరిక బోర్డులు, పక్కనే వెనిగర్ సీసా ఉంచిన స్తంభాలు ఉంటాయి. పిల్లలకు ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు వేయండి. అది కుట్టిన చోట రుద్దకుండా వెనిగర్ పోయాలి.

పక్కనున్న ఫంగన్ దీవి పున్నమి రాత్రుల విందుకు పేరుపొందింది. ఆ సందడి దక్షిణపు కొసనే, ఉత్తరాన ప్రశాంతమైన ఒడ్డులున్నాయి. టావ్ దీవి స్కూబా డైవింగ్ నేర్చుకునేవాళ్లది. ప్రపంచంలో అతి ఎక్కువ మంది డైవింగ్ నేర్చుకునే చోట్లలో అదొకటి. మూడు నాలుగు రోజుల్లో మొదటి సర్టిఫికెట్ చేతికి వస్తుంది, పదేళ్లు నిండిన పిల్లలూ నేర్చుకోవచ్చు. చివరిసారి నీళ్లలో మునిగాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని గుర్తుంచుకుని తిరుగు టికెట్ కొనుక్కోండి.

## చియాంగ్ మై: సముద్రం అక్కరలేని వాళ్లకు

విశాఖలోనో కాకినాడలోనో పెరిగిన వాళ్లు ‘సముద్రం ఇక్కడా ఉందిగా’ అంటారు. వాళ్లకు ఉత్తరాది కొండలు. 1296లో మంగ్రాయ్ రాజు కట్టిన నగరం ఇది. చతురస్రాకారపు కందకం, మధ్యలో పాత ఊరు, అడుగడుగునా గుడి. నడుస్తూ చూడదగ్గ ఊరు. కొండ మీది దోయ్ సుథెప్ గుడికి నాగుల మెట్లు మూడు వందలకు పైగా ఉన్నాయి. ఎక్కలేని వాళ్లకు చిన్న ట్రామ్ ఉంది. దేశంలో అతి ఎత్తైన శిఖరం దోయ్ ఇంథనోన్ (2,565 మీటర్లు) ఒక రోజు ప్రయాణం. తెల్ల గుడిగా పేరుపొందిన వాట్ రాంగ్ ఖున్ చియాంగ్ రాయ్‌లో ఉంది. చియాంగ్ మై నుంచి మూడు గంటల దారి. ఉదయం వెళ్లి రాత్రికి రావడం అలసట, కుదిరితే అక్కడ ఒక రాత్రి ఉండండి.

ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా మాత్రం ఇటు రావద్దు. పొలాలు, అడవులు తగలబెట్టే పొగ లోయలో నిలిచిపోతుంది. ఆ వారాల్లో చియాంగ్ మై ప్రపంచంలోనే అతి కలుషితమైన గాలి ఉన్న నగరాల జాబితా పైకి చేరుతుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది నరకం.

ఇక్కడికి రావలసిన కాలం కార్తీకం. మన కార్తీక పౌర్ణమి, థాయ్ వాళ్ల లోయ్ క్రథోంగ్ సాధారణంగా ఒకే పున్నమికి వస్తాయి. మనం అరటి దొప్పల్లో దీపం వదిలినట్టే వాళ్లూ అరటి బోదెతో, ఆకులతో చేసిన దొప్పలో పూలు, అగరువత్తి, కొవ్వొత్తి పెట్టి నదిలో వదులుతారు. చియాంగ్ మైలో అదే సమయంలో యీ పెంగ్ పండుగ, ఆకాశంలోకి కాగితపు దీపాలు ఎగరేస్తారు. గోదావరి ఒడ్డున దీపాలు వదిలిన పెద్దవాళ్లను ఒక్కసారి ఈ పండుగకు తీసుకెళ్లండి. వాళ్లకు ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. గదులు నెలల ముందే నిండిపోతాయి. ఆకాశ దీపాల వల్ల ఆ సాయంత్రాల్లో కొన్ని విమానాలను రద్దు చేస్తారు, వేళలు మారుస్తారు. కాబట్టి పండుగ రోజు సాయంత్రానికి విమానం పెట్టుకోకండి. బ్యాంకాక్ నుంచి రాత్రి రైలు మంచి మార్గం.

ఏనుగుల గురించి ఒక మాట చెప్పాలి. స్వారీ చేయించే, ఆటలాడించే శిబిరాలకు వెళ్లకండి. ఆ పనికి ఏనుగును లొంగదీసే పద్ధతి క్రూరమైనది. దూరం నుంచి వాటిని చూడనిచ్చే, తాకనివ్వని ఆశ్రయాలు ఉన్నాయి. డబ్బు వాటికి ఇవ్వండి.

## బ్యాంకాక్, దాని చుట్టుపక్కల

ఎటు వెళ్లినా బ్యాంకాక్‌కు రెండు రాత్రులు ఇవ్వండి. రాజప్రాసాదం ఆవరణలోని మరకత బుద్ధుడి గుడి ప్రాకారం లోపలి గోడల మీద రామకియెన్, అంటే థాయ్ రామాయణం, 178 చిత్రాలుగా ఉంది. హనుమంతుడు తెల్లగా, మనకు తెలియని చిలిపితనంతో ఉంటాడు. పిల్లలకు ఒక్కో గోడ దగ్గర ఆగి కథ చెప్పడానికి రెండు గంటలు ఉంచుకోండి. పొట్టి నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలతో లోపలికి రానివ్వరు. ప్రవేశ రుసుము పెద్దవాళ్లకు 500 బాత్. సిలోమ్ వీధిలో పందొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడిలో నవరాత్రులు ఘనంగా జరుగుతాయి, థాయ్ భక్తులే ఎక్కువగా కనిపిస్తారు.

బ్యాంకాక్‌కు 80 కిలోమీటర్లలో అయుత్తయ శిథిలాలు, 1767లో బర్మా సేనలు ధ్వంసం చేసిన రాజధాని. రైలులో వెళ్లి రావచ్చు. కాంచనబురి ఇంకాస్త దూరం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం యుద్ధ ఖైదీలతోనూ, మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన దక్షిణ భారత కూలీలతోనూ బర్మా దాకా రైలు మార్గం వేయించింది. ఖైదీల సమాధులు వరుసగా, పేర్లతో ఉన్నాయి. వేలాదిగా చనిపోయిన మన కూలీల్లో ఎక్కువ మందికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. మీరు వెళ్తే ఆ సంగతి తెలుసుకుని వెళ్లండి.

సముద్రం కూడా కావాలి, విమానం మళ్లీ ఎక్కలేమంటే హువా హిన్, సమెత్ దీవి ఉన్నాయి. రెండూ రోడ్డు మీద మూడు నాలుగు గంటల్లో అందుతాయి, రెండింటికీ చుట్టుపక్కల కంటే వాన తక్కువ. జూన్, జూలైలలో వెళ్లేవాళ్లకు ఇవి పనికొస్తాయి. పట్టాయా రెండు గంటల్లో వస్తుంది కాబట్టి ప్యాకేజీల్లో తప్పక ఉంటుంది. అక్కడ కొయ్యతో చెక్కిన సత్య మందిరం నిజంగా చూడదగ్గది. సముద్రం కోసమైతే మాత్రం ఆ రెండు రాత్రులు ఇంకో చోటికి మార్చమని ఏజెంటును అడగండి.

## మీతో ఎవరున్నారు?

ఆరేళ్ల లోపు పిల్లలతో: ఒకే హోటల్, ఒకే తీరం. జనవరిలో కటా, మేలో సముయ్. పడవ ప్రయాణం ఒక్కటి చాలు.

అరవై దాటిన తల్లిదండ్రులతో: బ్యాంకాక్, చియాంగ్ మై కలిపి నవంబరు, డిసెంబరుల్లో. గుళ్లు ఉంటాయి, చల్లదనం ఉంటుంది, శాకాహారం దొరుకుతుంది. సముద్రం చూడాలని వాళ్లే అడిగితే హువా హిన్.

కొత్త దంపతులకు: మాఘమాసంలో పెళ్లయితే క్రాబి, అందులోనూ జనం లేని క్లోంగ్ ముయాంగ్ వైపు, లేదా ఫుకెట్‌కూ క్రాబికీ మధ్యనున్న యావ్ నోయ్ దీవి. వైశాఖంలో పెళ్లయితే సముయ్. శ్రావణంలో అయినా సముయే.

స్నేహితుల బృందానికి: వానాకాలం కాకపోతే పటాంగ్, ఫీ ఫీ. అయితే టావ్ దీవిలో డైవింగ్ నేర్చుకుని రావడం అంతకంటే మంచి ఖర్చు. స్కూటర్ అద్దెకు తీసుకునే ముందు ఆలోచించండి. మోటారు సైకిల్‌కు వర్తించే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ప్రయాణ బీమా సాధారణంగా చెల్లదు. ఆసుపత్రి బిల్లు లక్షల్లో వస్తుంది.

## శాకాహారులకు

కూరగాయలు మాత్రమే వేసిన వంటకంలోనూ నామ్ ప్లా అనే చేపల రసం, ఆల్చిప్పల (ఆయిస్టర్) సాస్ వేస్తారు. పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు, కూరల ముద్దలో రొయ్యల ముద్ద. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. చెప్పవలసిన మాట ‘జే’. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, వాటితో పాటు వెల్లుల్లి, ఉల్లి కూడా లేని వంట అది. పసుపు రంగు మీద ఎర్ర అక్షరం ఉన్న జెండా కనిపించిన దుకాణంలో నిశ్చింతగా తినవచ్చు. ‘మంగ్‌సవిరట్’ అంటే శాకాహారమే కానీ గుడ్లు ఉండవచ్చు.

చోట్లను తిండి లెక్కన పోలిస్తే చియాంగ్ మై మొదటిది, శాకాహార భోజనశాలలు ఎన్నో. బ్యాంకాక్‌లో పహురత్, సుఖుమ్‌విత్ ప్రాంతాల్లో మన వంటలు దొరుకుతాయి. ఆవ్ నాంగ్, పటాంగ్‌లలో భారతీయ భోజనశాలలు వీధి వీధినా ఉన్నాయి, ధర థాయ్ భోజనానికి రెండు మూడు రెట్లు. ఫీ ఫీ, టావ్ వంటి చిన్న దీవుల్లో కష్టం. అటు వెళ్లేటప్పుడు పొడులు, అటుకులు వెంట ఉంచుకోండి. పడవ ప్రయాణాల్లో మధ్యాహ్న భోజనం వాళ్లే పెడతారు కాబట్టి ‘జే’ అని ముందు రోజే రాయించాలి.

దసరాకు ఫుకెట్ వద్దన్నాను కదా, ఒక్క సందర్భంలో ఆ మాట సడలిస్తాను. చైనా పంచాంగం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు ఫుకెట్‌లో శాకాహార పండుగ జరుగుతుంది. అధిక మాసాల వల్ల తేడా వచ్చిన ఏళ్లు తప్ప, అది మన నవరాత్రులతోనే కలిసి వస్తుంది. ఊరంతా పసుపు జెండాలు, వీధంతా ‘జే’ వంటలు. సముద్రాన్ని మరచిపోయి దీనికోసమే వెళ్లేవాళ్లుంటే తప్పక వెళ్లండి. ఊరేగింపుల్లో భక్తులు చెంపలకు శూలాలు గుచ్చుకుంటారు, రక్తం చూస్తే పిల్లలు భయపడతారు. ఆ వేళలు కనుక్కుని పిల్లలను దూరంగా ఉంచండి.

## టికెట్లు కొనేటప్పుడు

బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి, సువర్ణభూమి, డోన్ మువాంగ్. హైదరాబాద్ విమానం ఒకదాంట్లో దిగి, చవక టికెట్ అని కొన్న క్రాబి విమానం రెండో దాంట్లో ఎక్కవలసి రావచ్చు. మధ్యలో నగరపు రద్దీ. వేరువేరు టికెట్లయితే కనీసం ఐదు గంటల వ్యవధి ఉంచుకోండి. గదులను మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి, ముఖ్యంగా మే, అక్టోబరు వంటి సరిహద్దు నెలల్లో.

భారతీయులకు వీసా లేని ప్రవేశం 2023 నవంబరులో 30 రోజులకు మొదలై 2024 జూలైలో 60 రోజులయింది. ఈ నియమాలు మారుతూ ఉంటాయి, టికెట్ కొనే రోజునే థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైటులో చూసుకోండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చులకు డబ్బు చూపమని అడగవచ్చు. ఒక బాత్ విలువ రెండున్నర రూపాయల పైమాటే. అక్కడి ఏటీఎంలో మన కార్డుతో డబ్బు తీసిన ప్రతిసారీ 220 బాత్ లేదా అంతకంటే ఎక్కువ రుసుము పడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా తీయకండి. ఈ-సిగరెట్లు ఆ దేశంలో నిషిద్ధం, సామానులో ఉంటే ఇక్కడే వదిలేయండి. పర్యాటక పోలీసుల నంబరు 1155 ఫోనులో దాచుకోండి.

2025 మే 1 నుంచి ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, పసిపిల్లలకు కూడా విడిగా. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు థాయ్ ఇమిగ్రేషన్ వెబ్‌సైటులో నింపి, వచ్చిన కోడ్‌ను ఫోనులో ఉంచుకుంటే చాలు. దానికి రుసుము ఏమీ లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు, వెంటనే మూసేయండి.